మడత సీటులో పెద్దల్లుడు

అడగక తప్పదు. విమానం నిండిపోయి సీటు దొరకని పైలట్ ఎంతటివాడైనా సరే, కాక్‌పిట్ తలుపు దగ్గర నిలబడి, టోపీ చేత్తో పట్టుకుని, వెనక మడత సీట్లో కూర్చుని రావచ్చా అని ఆ విమానం కెప్టెన్‌ని స్వయంగా అడగాలి. ఇంకొకరితో కబురు పెడితే చాలదు. మనిషి వచ్చి మొహం చూపించాలి, కెప్టెన్ తల ఊపాలి. ఈ మర్యాదను అతను ఉద్యోగంలో చేరిన నాటి నుంచీ పాటిస్తూనే ఉన్నాడు, ఎంతోమందిని అడిగాడు, ఎవరి ముందూ మాట తడబడలేదు. ఇవాళ మాత్రం తలుపు దాకా వచ్చి, ఎడమ సీటులోంచి వెనక్కి తిరిగిన ముఖాన్ని చూసి, గుమ్మంలోనే నిలబడిపోయాడు. అక్కడున్నది అతని తోడల్లుడు. భార్య చెల్లెలి మొగుడు. వయసులో చిన్న, ఇంటికి చిన్నల్లుడు, విమానాల్లోకి వచ్చింది కూడా తన తర్వాత ఎన్నేళ్ళకో. చిన్నల్లుడి భుజాల మీద కెప్టెన్ల నాలుగు పట్టీలు, తన భుజాల మీద ఫస్ట్ ఆఫీసర్ల మూడు. "రండన్నయ్యా, మీరు అడగటమేంటి, కూర్చోండి," అన్నాడు చిన్నల్లుడు, అతను నోరు తెరవకముందే. మడత సీటుకు తగిలించిన తన టోపీని గబగబా తీసి చోటిచ్చాడు. అడిగించుకుని ఇచ్చినా ఇంత బాధ ఉండేది కాదు. అడగకముందే ఇచ్చేసేవాణ్ణి ఏమనగలం, ఎక్కడ పట్టుకోగలం.

మడత సీటు గోడలోంచి లాగితే వస్తుంది, లేచామంటే తనంతట తనే వెనక్కి మూసుకుపోతుంది. ఇద్దరి వెనక, ఇద్దరి మధ్య. అక్కడ కూర్చున్నవాడికి అన్నీ కనిపిస్తాయి, ఏదీ అందదు. అతను బెల్టులు భుజాల మీదుగా లాక్కుని బిగించుకున్నాడు, మోకాళ్ళు దగ్గరికి ముడుచుకున్నాడు, ఇక ఈ గంటసేపూ తన కళ్ళముందు ఉండబోయేది చిన్నల్లుడి మెడ అని గ్రహించాడు. నున్నగా కత్తిరించిన జుట్టు, ఇస్త్రీ చెదరని కాలర్, చెవి వెనక చిన్న పుట్టుమచ్చ. ఇన్నేళ్ళ బంధుత్వంలో ఆ పుట్టుమచ్చ ఎప్పుడూ చూడలేదు. ఇంట్లో ఎప్పుడూ తనే ముందు నడిచేవాడు, తనే ముందు కూర్చునేవాడు, చిన్నల్లుడు వెనక వచ్చేవాడు, వెనక వచ్చేవాడి మెడ ఎవరు చూస్తారు. కుడి సీటులో ఒక అమ్మాయి, చాలా చిన్నది, చెక్‌లిస్టు చదువుతోంది, చిన్నల్లుడు జవాబులు చెబుతున్నాడు, ఆ గొంతులో తొందర లేదు, ఆ చెయ్యి ఇంజన్ల పిడి మీద పెంపుడు జంతువు తల మీద పెట్టినట్టు తేలిగ్గా ఉంది. ఆ పిడి మీద చెయ్యి వెయ్యని పైలట్ ఉండడు, తనూ వేశాడు, కొన్ని వేలసార్లు వేశాడు, కానీ కుడి చేత్తో ఎప్పుడూ వెయ్యలేదు. ఎడమ సీట్లో కూర్చున్నవాడి కుడి చెయ్యే అలా పడుతుంది. ఇంత చిన్న తేడా. ఎడమ చెయ్యి, కుడి చెయ్యి. దీని కోసమేనా ఇంత ఏడుపు అని భార్య అడిగింది ఒకసారి, అడిగి, తన మొహం చూసి, నీళ్ళ గ్లాసు అక్కడ పెట్టి లోపలికి వెళ్ళిపోయింది.

నేల వదిలిపెట్టిన కుదుపు తెలియనే లేదు. ఎంత బాగా ఎత్తాడు అనుకున్నాడు, అనుకున్నందుకు తన మీద తనకే కోపం వచ్చింది. బాగా ఎత్తక ఏం చేస్తాడు, ఎత్తటానికి అన్ని అవకాశాలు దొరికినవాడు. తను చేరింది పాత కంపెనీలో. పెద్ద పేరు, పాత విమానాలు, ఎదుగూ బొదుగూ లేని సంస్థ. అక్కడ పైవాడు రిటైరైతే తప్ప కిందివాడికి ఎడమ సీటు రాదు, పైవాళ్ళందరికీ ఉక్కులాంటి ఆరోగ్యం. కెప్టెన్ కావటానికి రాయవలసిన పరీక్షలన్నీ తను ఎప్పుడో రాశాడు, పాసయ్యాడు, ఖాళీ కోసం కూర్చున్నాడు. చిన్నల్లుడికి పాత కంపెనీలో ఉద్యోగం రాక, కొత్తగా పెట్టిన ఇంకో దానిలో చేరాడు, చేరిన రోజు మామగారింట్లో అందరూ అయ్యో అన్నారు, తనూ అన్నాడు, భుజం తట్టి పర్లేదులే తమ్ముడూ అని కూడా అన్నాడు. ఆ కొత్తది ఊపిరాడనంత వేగంగా విమానాలు కొంది, కొన్న ప్రతి విమానానికీ కెప్టెన్లు కావలసి వచ్చారు, చూస్తుండగానే నాలుగో పట్టీ. చివరికి ఆ కొత్తదే వచ్చి పాతదాన్ని మింగేసింది. ఒకే రంగు వేసిన తోకలు, ఒకే యూనిఫాం, రెండు రకాల జీతాలు, రెండు యూనియన్లు, రెండు వరసలు. ఆ రెండు వరసల్నీ కలిపి ఒక్కటి చెయ్యాలి. ఎవరు ఎవరి కంటే ముందు? ఏ విమానం, ఏ ఊరు, ఏ సెలవు, ఏ సీటు, అన్నీ ఆ వరసలో పడే ఒక్క నంబరును బట్టే. చేరిన తేదీని బట్టి అంటుంది తన యూనియన్. ఇప్పుడు కూర్చున్న సీటును బట్టి అంటుంది చిన్నల్లుడి యూనియన్. మొదటిది గెలిస్తే తను రేపో మాపో ఎడమ సీటులోకి వెళతాడు, చిన్నల్లుడు కుడి సీటులోకి దిగి వస్తాడు. రెండోది గెలిస్తే తను రిటైరయ్యేదాకా కుడి సీటే, ఏదో ఒక రోజు డ్యూటీల రోస్టర్లో పక్కపక్కన రెండు పేర్లు పడతాయి, చిన్నల్లుడు కెప్టెన్, పెద్దల్లుడు సహాయకుడు. ఆ రోజు చక్రాలు పైకి అని చిన్నల్లుడు అంటాడు, తను ఎత్తాలి.

యూనియన్ ఆఫీసులో కుర్రవాళ్ళు తనకు పేరు పెట్టారు. తారీఖు గారు. మెట్లెక్కుతుంటే పైనుంచి వినపడుతుంది, "తారీఖు గారొస్తున్నారు, ఫ్యాను వెయ్యండ్రా," అని. తను కూడా నవ్వుతాడు. నవ్వక ఏం చేస్తాడు, నిజమే కదా, ఎక్కడ మైకిచ్చినా ఆ ఒక్క తేదీ గురించే మాట్లాడతాడు, ఆ రోజు వాన పడిందని, కొత్త బూట్లు తడిశాయని, తడి బూట్లతోనే సంతకం పెట్టానని. రేపు కూడా దాని గురించే మాట్లాడవలసింది. రేపు పొద్దున మధ్యవర్తి ముందు విచారణ, ఈ విమానం దిగే ఊళ్ళోనే, తను తన పక్షం సాక్షి. కానీ తేదీ ఒక్కటే చాలదన్నారు లాయరు గారు. వాళ్ళు తొందరపడి కెప్టెన్లను చేశారు, అనుభవం పండకముందే ఎడమ సీట్లో కూర్చోబెట్టారు, అది మనం చూపించాలి, ఏదైనా ఉదాహరణ ఉందా సార్ మీకు తెలిసింది? గదిలో అందరూ తనవైపు చూశారు. ఉంది, అన్నాడు. ఎంత తొందరగా అన్నాడు. ఆ మాట నాలుక చివరే కూర్చుని ఉన్నట్టు, అడగటమే ఆలస్యమన్నట్టు. పేరు చెప్పనక్కర్లేదు అన్నారు లాయరు గారు. పేరు చెప్పకపోతే ఎవరో తెలియనంత పెద్దదా ఈ లోకం.

పైకి వచ్చేశారు. కింద మబ్బులు దూది ఏకి పరిచినట్టున్నాయి, సాయంత్రపు ఎండ పక్క కిటికీలోంచి పడి చిన్నల్లుడి పట్టీల మీద మెరుస్తోంది. ఒక్కొక్కటీ లెక్కపెట్టుకోమన్నట్టు. కుడి సీటు అమ్మాయి వెనక్కి తిరిగి, కాస్త జంకుతూ, "సార్, ఏమీ అనుకోనంటే ఒకటి అడగనా? తారీఖు సార్ మీరేనా?" అంది. చిన్నల్లుడు గట్టిగా దగ్గాడు. "నేనే," అన్నాడు అతను. "అక్కడి దాకా వచ్చిందా పేరు?" "మా దగ్గర చాలా ఫేమస్ సార్ మీరు. మా వాళ్ళయితే మీ తడి బూట్ల కథ యాక్ట్ చేసి కూడా చూపిస్తారు." చెప్పేసి నాలిక్కరుచుకుంది. అతను నవ్వాడు, నిజంగానే నవ్వొచ్చింది. ఆ అమ్మాయి ధైర్యం తెచ్చుకుంది. "కాని సార్, మీరందరూ ఒకేసారి మా పైకొచ్చేస్తే నేను ముసలిదాన్నయ్యేదాకా ఈ కుడి కిటికీయే. ఆ పక్క కిటికీలోంచి ఎలా ఉంటుందో చూడకుండానే ఇంటికెళ్ళిపోతాను." అతను భుజం మీది బెల్టు సర్దుకున్నాడు. ఆ అమ్మాయి భయపడుతున్నది తన జీవితానికే. తనలా అయిపోతానేమోనని. "ఆ పక్క కూడా మబ్బులేనమ్మా," అన్నాడు చిన్నల్లుడు, తనను కాపాడటానికన్నట్టు. ఆ కాపాడటం కూడా మండింది. మబ్బులేనట. ఉన్నవాడికి ఏదైనా మబ్బే.

మామగారింటి మేడ గుర్తొచ్చింది. మామగారు బడిపంతులు, విమానం ఎక్కినవాడు కాదు, కానీ అల్లుళ్ళిద్దరూ పైలట్లయ్యాక సాయంత్రాలు మేడ మీద కుర్చీ వేసుకుని ఆకాశం చూస్తూ కూర్చునేవాడు. ఏది వెళ్ళినా అడిగేవాడు, "ఇందులో మనవాడెవరు?" అని. తను అక్కడ ఉంటే చిన్నల్లుడిదని చెప్పేవాడు, తన మాట నిజమో కాదో తనకే తెలియదు, ఆయనకు మాత్రం తృప్తి. ఆ మేడ మీదే ఒక సాయంత్రం, ఆయన కిందికి వెళ్ళాక, చిన్నల్లుడు చెప్పాడు. కెప్టెనైన కొత్తలో, దిగవలసినదానికంటే ఎత్తుగా, వేగంగా వచ్చేసి, మళ్ళీ పైకి ఎత్తితే కుర్ర కెప్టెన్‌కి చేతకాలేదంటారని మొండిగా దించేశాడట. రన్‌వే సగం దాటాక చక్రాలు తాకాయి. చివరి దీపాల దాకా వెళ్ళి ఆగింది. ఎవరికీ ఏమీ కాలేదు, కంపెనీ పిలిచి చివాట్లు పెట్టి మళ్ళీ పరీక్ష చేసి వదిలింది. "ఇంట్లో చెప్పలేదన్నయ్యా, దానికి కూడా చెప్పలేదు," అని పిట్టగోడ మీద తల ఆనించి ఏడ్చాడు. ఆ ఏడుపు తనకు బాగా గుర్తుంది. ఆ వెక్కిళ్ళు, కింద ఎవరో గిన్నెలు కడుగుతున్న చప్పుడు, చల్లారిపోయిన పిట్టగోడ. ఆ తర్వాత తనేమన్నాడో గుర్తులేదు. ఏదో అనే ఉంటాడు, పెద్దవాళ్ళు అనేదేదో. అదే రేపటి ఉదాహరణ.

మామగారు పోయి ఇంకా ఏడాది తిరగలేదు. పోయినప్పుడు తను ఆకాశంలో ఉన్నాడు. చిన్నల్లుడు కెప్టెన్ కాబట్టి సెలవు దొరికింది, ఆస్పత్రిలో పక్కన కూర్చున్నది అతనే, చివరికి ఆయన చేతిలో ఉన్నది అతని చెయ్యే. కిటికీలోంచి విమానం చప్పుడు వినపడినప్పుడల్లా ఎవరని అడిగారట, ప్రతిసారీ పెద్దల్లుడిదే అని చెప్పాడట. భార్య ఏడుస్తూ ఈ సంగతి చెప్పింది, ఎంత మంచివాడండీ అంది. తను తల ఊపాడు. లోపల ఏదో పుల్ల విరిగింది. తను లేని చోట తనను ఉన్నట్టు చూపించే హక్కు కూడా వాడికేనా? తన మామగారు. ముందు తన మామగారు. తను అల్లుడై ఎన్నో ఏళ్ళకు కదా వాడు వచ్చింది. ఆ ఇంట్లో కూడా తేదీ చూసేవాళ్ళు లేరు. ఇలా అనుకుంటున్నానేమిటి అని అప్పుడే సిగ్గేసింది, సిగ్గేసినా మంట చల్లారలేదు, ఆ రెండూ పక్కపక్కనే ఇన్ని నెలలుగా కాపురం చేస్తున్నాయి. అక్కచెల్లెళ్ళిద్దరూ ఇప్పుడు ఫోనులో ఆచితూచి మాట్లాడుకుంటున్నారు. "మీ నంబర్ల పంచాయితీ తేలేలోపు మేమిద్దరం మూగవాళ్ళమైపోయేట్టున్నాం," అంది భార్య నిన్న, అతని చొక్కా మడతపెట్టి పెట్టెలో పెడుతూ.

దిగటం మొదలైంది. కొంత ఎత్తుకు దిగాక కాక్‌పిట్‌లో విమానం మాట తప్ప ఇంకో మాట మాట్లాడకూడదు, అది నియమం, ముగ్గురూ మౌనంగా ఉన్నారు. ఆ మౌనం అతనికి హాయిగా ఉంది, ఇక మబ్బుల గురించి ఎవరూ నీతులు చెప్పరు. కింద ఊరి దీపాలు అప్పుడే ఒకటొకటి వెలుగుతున్నాయి. గాలి తిరుగుతోందని టవర్ చెప్పింది. చిన్నల్లుడు విన్నానన్నాడు. రెక్క ఒకటి లేచి పడింది, అమ్మాయి చెయ్యి సీటు అంచు పట్టుకుని వదిలింది. అప్పుడు అతను వేగం చూశాడు. ఎక్కువ. కొద్దిగానే, కానీ ఎక్కువ, వెనకనుంచి గాలి తోస్తోంది, తగ్గవలసినంత తగ్గటం లేదు. అమ్మాయి ఇంకా అనలేదు, ఆమె కళ్ళు రన్‌వే మీద ఉన్నాయి. చిన్నల్లుడు చూశాడో లేదో మెడను చూస్తే తెలియదు. కాక్‌పిట్‌లో కూర్చున్నవాడు ఎవడైనా, మడత సీటు వాడైనా, తేడా కనిపిస్తే నోరు విప్పాలి, అది కూడా నియమమే, అన్నిటికన్నా పెద్ద నియమం. స్పీడ్ అనాలి. ఒక్క మాట. ఆ మాట గొంతు దాకా వచ్చింది. అక్కడ ఆగింది.

ఎందుకు ఆపాడు? ఆపలేదు, అదే ఆగింది అని చెప్పుకుందామనుకున్నాడు, కానీ లోపల ఇంకో గొంతు స్పష్టంగా వినపడుతోంది, కానియ్, అంటోంది, దించు, అలాగే దించు, అప్పటిలాగే. చక్రాలు ఆలస్యంగా తాకనీ. బ్రేకులు అరవనీ. వెనక వందమంది ఒక్కసారిగా ముందుకు తూలి అమ్మో అననీ. రేపు ఆ గదిలో చెప్పటానికి పాత ఉదాహరణ అక్కర్లేదు అప్పుడు, నిన్న సాయంత్రమే, నా కళ్ళముందే అని చెప్పవచ్చు. రన్‌వే పెద్దదవుతోంది. ఆ దీపాల చివర తనూ ఉన్నాడు కదా, ఆ వందమందితో పాటు తన ఎముకలు కూడా ఈ రేకు డబ్బాలోనే ఉన్నాయి కదా, తను కూర్చున్న విమానమే జారిపోవాలని ఏ పైలటైనా కోరుకున్నాడా ఇంతవరకు? స్పీడ్, అను. అను. నోరు తెరిచాడు.

"గో అరౌండ్," అన్నాడు చిన్నల్లుడు.

ఇంజన్లు గర్జించాయి. ముక్కు పైకి లేచింది, రన్‌వే కాళ్ళకిందికి జారి మాయమైంది, వీపు మడత సీటుకు అతుక్కుపోయింది. చిన్నల్లుడు ఒక్కొక్కటే చెబుతున్నాడు, అమ్మాయి ఒక్కొక్కటే చేస్తోంది, ఫ్లాపులు, చక్రాలు, టవర్‌కి కబురు. కాసేపటికి ప్రయాణికులతో మాట్లాడాడు, గాలి మారింది, దిగటానికి కుదురుగా లేదు, అందుకని మళ్ళీ పైకి తెచ్చాను, ఒక చుట్టు తిరిగి వస్తాం అని, ఇంట్లో పాలు విరిగాయి ఇంకో గిన్నె పెడతాను అన్నంత మామూలుగా. గొంతులో సిగ్గు లేదు. రేపు తన మీద సాక్ష్యం చెప్పబోయేవాడు వీపు వెనక కూర్చుని ఉండగా, పనిలో కుదరలేదు అని నలుగురికీ వినపడేలా ఒప్పుకుని పైకి ఎత్తేశాడు. తనైతే? ఎడమ సీటులో తను ఉండి, మడత సీటులో వీడుంటే? అతను తప్పించుకోవాలని చూశాడు, కిటికీలోంచి చూశాడు, పక్కకు ఒరిగిన ఊరి దీపాల్ని చూశాడు. తనైతే దించేవాడు. వాడు చూస్తుండగా ఎత్తేవాడు కాదు. పళ్ళు బిగించి, ఏమైతే అదైందని దించేవాడు. ఇన్నాళ్ళూ పట్టీలకు ఏడ్చాడు, సెలవులకు ఏడ్చాడు, మామగారి చేతికి ఏడ్చాడు. ఇవి కాకుండా ఇప్పుడు ఇంకొకటి దొరికింది ఏడవటానికి, ఏ మధ్యవర్తీ రాసి ఇవ్వలేనిది.

రెండోసారి కుదురుగా దిగారు. దీపాలు ఆరి, ఇంజన్లు చల్లబడి, అమ్మాయి సంచీ భుజాన వేసుకుని సెలవు తీసుకుని వెళ్ళింది. ఇద్దరే మిగిలారు. చిన్నల్లుడు బెల్టులు విప్పుకోకుండా అలాగే కూర్చుని, ముందుకే చూస్తూ, "ఒక్క క్షణం దించేద్దామనే అనిపించిందన్నయ్యా," అన్నాడు.

"మరి?"

"మరేముంది. మీరన్నారు కదా ఆ రోజు మేడ మీద. మళ్ళీ ఎప్పుడైనా మొండితనం వస్తే వెనక నేను కూర్చున్నాననుకోరా, ఎత్తెయ్, నేనేమీ అనుకోను అని. అప్పటినుంచీ ప్రతిసారీ అనుకుంటూనే ఉన్నా." నవ్వాడు, నవ్వు సగంలో ఆగింది. "ఇవాళ నిజంగానే ఉన్నారు. అదే కష్టమైంది."

ఆ రోజు తను అన్నాడు, అవును. పిట్టగోడ చల్లగా ఉంది, కింద గిన్నెల చప్పుడు, ఏడుస్తున్నవాడి వీపు మీద తన చెయ్యి ఉంది, ఎత్తెయ్‌రా, నేనేమీ అనుకోను. వాడి తప్పును వెక్కిళ్ళతో సహా భద్రంగా దాచుకున్నవాడు, తను ఆడిన ఒక్క మంచి మాటను ఎక్కడ పారేసుకున్నాడు? అది వాడి దగ్గరుంది. ఇన్నేళ్ళూ అది వాడి దగ్గరే ఉంది. లేచాడు, మడత సీటు టప్పున గోడలోకి మూసుకుపోయింది.

బయటికి వస్తుంటే ఫోను మోగింది. యూనియన్ సెక్రటరీ. "దిగారా తారీఖు గారూ, ఉదాహరణ బాగా గుర్తుంది కదా? లాయరు గారు అదే ముందు అడుగుతారట."

"ఉదాహరణ లేదు."

"లేదేంటండీ బాబూ, మీరే కదా ఉందన్నారు!"

"చేరిన తేదీ ఉంది. ఆ రోజు చేరాను, పని చేశాను. అది చెబుతాను."

"అదొక్కటే చెబితే పోతామండీ."

"పోతే పోదాం," అన్నాడు. అని ఫోను జేబులో పెట్టుకున్నాడు. నిజంగానే పోవచ్చు. రిటైరయ్యేదాకా కుడి కిటికీ. ఆపుకోలేక వెనక్కి చూశాడు, చిన్నల్లుడు కోటు వేసుకుని పెట్టె లాక్కుంటూ వస్తున్నాడు, ట్యూబులైటు కింద నాలుగు పట్టీలు మెరిశాయి, కడుపులో ఎప్పటి మంటే మళ్ళీ లేచింది, వీసమెత్తు తగ్గలేదు. దారి ఇరుకుగా ఉంది, ఇద్దరు పక్కపక్కన పట్టరు. అతను గోడకు ఒదిగి, నువ్వు పద అన్నట్టు చెయ్యి చూపించాడు.

"మీరు నడవండన్నయ్యా," అన్నాడు చిన్నల్లుడు.

అతను ముందు నడిచాడు. రేపు సాక్షి కుర్చీలో కూర్చున్నప్పుడు కూడా వీడు ఇలాగే వెనక ఉన్నాడనుకోవాలి అనుకున్నాడు. వెనక, కాస్త ఎడంగా, పెట్టె చక్రాల చప్పుడు వస్తూనే ఉంది.